సగం గట్టు

పందేనికి ఇంకా ముప్ఫై ఒక్క రోజులు

బండి కట్టేవాళ్ళు పుస్తకం రాయాలని మా దిబ్బవలస కట్టుబాటు. బండి విరిగిపోయినా పుస్తకం మిగలాలట. మా ఆయన తవిటయ్య నాలుగేళ్ళు రాశాడు. అక్షరాలు తక్కువ, చమురు మరకలు ఎక్కువ. ఆయన పోయాక ఈ షెడ్డూ, ఈ పుస్తకమూ నా చేతికొచ్చాయి.

పొద్దున, రాత్రి మంచుని పట్టే వలలు పిండితే రెండు బిందెలు కూడా నిండలేదు. కప్పు మీద ఉప్పు ఊడ్చాను. గాలి సిలిండర్లకి సబ్బు నురగ రాసి చూస్తే మూడోదాని మూత దగ్గర బుడగలు లేచాయి. జనపనార చుట్టి బిగించాను.

మధ్యాహ్నం గానుగ రాయి వచ్చింది. పాతకాలంలో సున్నం నూరిన రాయి, గుండ్రంగా, మధ్యలో బెజ్జంతో. నిలబెడితే నా తొడ ఎత్తుంది. ఎనిమిదిమంది మోసుకొచ్చి షెడ్డు ముందు దించారు. మా ఆడపడుచు నూకాలు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నడుము మీద చెయ్యి వేసుకుంది. రెండేళ్ళుగా మా ఊరి బండి నడిపేది అదే.

"ఇది బండిలో ఎక్కిస్తావేటి వొదినా? బండిని దీని మీద ఎక్కిస్తావా?"

"నవ్వితే నవ్వు. గట్టు ఎక్కేటప్పుడు నాకు దండం పెడతావు."

ఆరు ఊళ్ళ బండ్లూ గాలిమరలు నొక్కిపెట్టిన గాలితోనే నడుస్తాయి. మెరుపు దుమ్ము వచ్చినప్పటినుంచి తీగ ఉన్న ఏ యంత్రమూ బతకడం లేదు కాబట్టి మరో దారి లేదు. సముద్రం వదిలిపోయిన ఉప్పు నేల మీద మూడు అద్దాల దూరం (మంచె మీది అద్దం మెరుపు అందేంత మేర ఒక అద్దం) పరిగెత్తి పాత సముద్రపు గట్టు దగ్గరికి వచ్చేసరికి సిలిండర్లు చల్లబడి నీరసిస్తాయి. గట్టు మీదికి ఏ బండైనా ముక్కుతూ మూలుగుతూ ఎక్కాల్సిందే. ముందు ఎక్కి అవతలికి దిగినవాళ్ళదే పందెం.

నా ఉపాయం ఇది. రాయిని బండి అడుగున పడుకోబెట్టి, బయలుదేరే ముందు ఊరంతా తాళ్ళతో లాగి గిరగిరా తిప్పాలి. ఒకసారి వేగం అందుకుంటే పూటంతా అదే తిరుగుతుంది. గట్టు మొదట్లో నూకాలు మీట వేస్తే ఆ తిరుగుడంతా చక్రాలకి వెళుతుంది. ఊరి రెక్కల బలాన్ని రాయిలో దాచి పంపడమన్నమాట. పందెం బయలుదేరే వంతు ఈ ఏడు మా ఊరిది, తాళ్ళు లాగడానికి ఊరంతా దగ్గరే ఉంటుంది. ఈ పని ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఆరేళ్ళకే.

ఇరవై ఎనిమిది రోజులు

బండి చక్రానికి పట్టా తొడిగినట్టే రాయికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగాం. నీళ్ళు చల్లడానికి లేవు కాబట్టి గాలికే చల్లారింది. పట్టు బాగానే పట్టింది.

ఇక్కడే నాకు బుద్ధి తక్కువైంది. పేరు చెక్కుకుంటామని ఒకరు అడిగితే సరే అన్నాను. సాయంత్రానికి నలభై రెండు ఇళ్ళవాళ్ళూ ఉలి పట్టుకుని వచ్చారు. ఒక పక్కనే చెక్కితే రాయి తూకం తప్పి వణుకుతుంది, ప్రతి పేరుకీ సరిగ్గా ఎదురుగా ఇంకో పేరు ఉండాలని చెప్పాను. ఎవరికి ఎదురుగా ఎవరు అన్నదానిమీద రెండు రోజులు కొట్లాట. గోడ తగాదాలున్న రెండిళ్ళవాళ్ళు ఎదురెదురుగా పడ్డారు. వాళ్ళు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. రాయి ఇంకా తిరగనేలేదు, ఒక మంచి పని చేసేసింది.

ఇరవై రోజులు

చదును మీద మొదటిసారి పరిగెత్తించాం. ఊరు ఊరంతా తాళ్ళు లాగింది. లాగితే పట్టుకుని, వదిలితే జారిపోయే పళ్ళచక్రం బాగా పనిచేసింది. రాయి పాడింది. నిజంగానే, సన్నగా కూనిరాగం తీసినట్టు. గాలి పూర్తిగా కట్టేసి మీట వేస్తే బండి ఎగిరి దూకింది. నూకాలు కేక పెట్టింది. నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి? తవిటయ్య చూడాల్సింది.

పోయిన ఏడు ఆయనకి కడుపులో నొప్పి వచ్చింది. ఆరు ఊళ్ళకీ డాక్టరమ్మ ఒక్కరే. పందెం గెలిచిన ఊళ్ళోనే ఏడాదంతా ఉంటుంది. నాలుగేళ్ళుగా రేగుపాలెంలోనే ఉంది. మంచం మీద మోసుకుని ఉప్పు మీద బయలుదేరాం. మంచం కోడు ఒకటి నా భుజం మీద, ఒకటి నూకాలు భుజం మీద. రెండో అద్దం దాటాక బరువు మారింది. చెప్పక్కర్లేదు, మోసేవాళ్ళకి తెలుస్తుంది.

పదహారు రోజులు

గట్టు మీద పందేనికి ముందు చక్రం పెట్టకూడదు. అది ఆరు ఊళ్ళ ఒట్టు. అందుకని ఉప్పు సంచులతో ఊరి బయట అంత వాలుగానే ఒక గట్టు కట్టించాను. సంచులు సగానికే సరిపోయాయి. ఎక్కే వైపు కట్టాం. దిగే వైపు ఊరికే నిట్టనిలువుగా ఉండిపోయింది.

"దిగడానికేటుంది? ఎక్కడం మన పని, దిగడం దేవుడి పని," అన్నాడు ఊరి పెద్ద దాలినాయుడు. మా ఆయనకి మేనమామ. ఆ మాట మా వైపు అందరూ అనేదే. నేనూ నవ్వాను.

బండి జోరుగా ఎక్కింది. కానీ ముక్కు పైకి లేచేటప్పుడు ఎడమకి ఒరిగింది. కుడి చక్రం జానెడు గాలిలోకి లేచింది. పైన ఆపి, తాళ్ళు కట్టి మెల్లగా వెనక్కి దింపితే ఏ ఒరుగుడూ లేదు. కుడివైపు ఒక బరువు రాయి కట్టాను.

పదకొండు రోజులు

ఇప్పుడు మూడు బరువులు కట్టాను. నూకాలు కూర్చునే చోటుని కూడా కుడికి జరిపాను. బండి బుద్ధిగా ఎక్కుతోంది. ఒక మార్పుని సర్దడానికి ఇంకో మార్పు, దాన్ని సర్దడానికి మరొకటి. మా అత్త కుట్టిన రవికెలు ఇలాగే ఉండేవి.

అసలు ఎందుకు ఒరుగుతోందని నన్ను నేను అడగలేదు. ఎంత బరువు కడితే ఒరగదని మాత్రమే అడిగాను. ఈ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను. తరవాత ఎవరైనా చదివితే, రాయిని వదిలెయ్యాల్సిన రోజు ఇదే. ఆ రోజు నాకు తెలియదు. పక్కన ఖాళీ ఉంది కాబట్టి ఈ నాలుగు ముక్కలూ పందెం అయ్యాక ఇరికించాను.

మూడు రోజులు

సంచులు ఎవరివి వాళ్ళు పట్టుకుపోతున్నారు. వెనకవైపునుంచి తీయడం మొదలుపెట్టారు. మెట్లు మెట్లుగా తీస్తే వెనక కూడా ఒక వాలు లాంటిది వచ్చింది. చివరి పరుగని నూకాలు బండి ఎక్కించి, పైన ఆపకుండా చిలిపిగా అవతలికి దూకించింది.

ముక్కు కిందికి వాలగానే బండి కుడికి పడింది. ఎడమ చక్రాలు రెండూ నా తల ఎత్తున లేచాయి. పక్కన మిగిలిన సంచుల గుట్ట ఉండబట్టి దానికి చేరగిలబడింది. ఉప్పు కొట్టుకుపోయిన మొహంతో నూకాలు బయటికి వచ్చి పకపకా నవ్వింది. జనమూ నవ్వారు. నేను తిన్నగా షెడ్డుకి పోయాను.

షెడ్డులో తవిటయ్య పాత సైకిలు చక్రం మేకుకి వేలాడుతూ ఉంటుంది. తీసి ఇరుసు రెండు చేతుల్తో పట్టుకుని, రాయిలాగే పడుకోబెట్టి తిప్పాను. ముందు అంచు ఎత్తితే ఎడమకి ఒరుగుతోంది. ముందు అంచు దించితే కుడికి. నెమ్మదిగా దించితే ఏమీ లేదు. గబుక్కున దించితే చేతులు మెలిపెట్టేస్తోంది. పదిసార్లు చేశాను. పదిసార్లూ అంతే.

గట్టు మీద ముక్కు ఒక్కసారిగా కిందికి వాలుతుంది. అప్పుడు రాయి కుడికి తోస్తుంది. కుడివైపే నేను మూడు బరువులు కట్టాను. కుడివైపే నూకాలుని కూర్చోబెట్టాను. సంచులు చాల్లేదని సగం గట్టు కట్టి, దాని మీద నిండు గర్వం పెంచుకున్నాను.

బరువులు తీసేస్తే ఎక్కేటప్పుడు ఎడమకి పడుతుంది. ఉంచితే దిగేటప్పుడు కుడికి పడుతుంది. ఎదురు దిక్కుకి తిరిగే రెండో రాయి ఉంటే సరిపోతుంది. రెండో రాయి లేదు. ఉన్నా మూడు రోజుల్లో అయ్యే పని కాదు.

రెండు రోజులు

దాలినాయుడి అరుగు మీద సైకిలు చక్రం తిప్పి చూపించాను. శ్రద్ధగా చూశాడు. తనూ చేతిలోకి తీసుకుని తిప్పాడు.

"రాయి తీసేద్దాం మావయ్యా. గాలి మీదే పంపిద్దాం."

"తీసేస్తే ఎన్నోది వస్తాం?"

"నాలుగో, అయిదో."

"డాక్టరమ్మ రాదు."

"రాదు."

పక్కింటి కోడలు ఎనిమిదో నెల కడుపుతో మంచు వలలు ఉతుకుతోంది. ఆయన అటే చూస్తున్నాడు. "అందులో నలబై రెండు ఇళ్ళ పేర్లున్నాయి పారమ్మా. నానెళ్ళి ఏటని సెప్పను? నడిపే గుంట నడపనంటే రాయి తీసీ. నాను అడ్డు రాను."

బరువంతా నూకాలు మీదికి తోశాడని కోపం వచ్చింది. మళ్ళీ నేను మాత్రం చేసిందేమిటి? తిన్నగా నూకాలు దగ్గరికే వెళ్ళాను. అది చక్రాన్ని తిప్పి చూసి, "అమ్మో, భలే మెలిపెడతాది," అంది.

"నడపనని చెప్పు నూకాలూ. నువ్వు ఒక్క మాట అంటే చాలు."

"పైకి ఎల్లాక నెమ్మదిగా దించితే ఏటీ అవదన్నావు కదా?"

"నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగా. నడిచినంత. పక్కన ఎవరున్నా సరే."

"అలాగే దించుతాను." చక్రం నా చేతికి ఇచ్చేసింది. "అన్నయ్య మంచం నానూ మోసాను వొదినా. ఈ పాలి నన్ను ఆపకు."

ఒక్క రోజు

మధ్యాహ్నం అందరూ బయలుదేరే గీత దగ్గర జెండాలు కడుతున్నారు. షెడ్డులో నేనూ బండీ ఉన్నాం. సుత్తి తీసుకున్నాను. రాయి కింది బేరింగు మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు. పగిలిపోతుంది, అలాంటిది మళ్ళీ దొరకదు. ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఎంతసేపు నిలబడ్డానో. సుత్తి మళ్ళీ మేకుకి తగిలించాను. ఊరి కోసమని రాసుకుంటే బాగుంటుంది గాని అది పూర్తి నిజం కాదు. నా రాయి గట్టు ఎక్కడం చూడాలని ఉంది నాకు. ఆ ఆశ పాడుగాను, నా చెయ్యి లేవనివ్వలేదు.

పందెం పొద్దు, ఎండ పొడవగానే

తాళ్ళు లాగుతున్నారు. మిగతా అయిదు ఊళ్ళవాళ్ళూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఆ కోడలు కూడా తాడు కొస పట్టుకుంది, వద్దన్నా వినలేదు. రాయి పాట మొదలుపెట్టింది. ఇక ఇది పూటదాకా ఆగదు. ఆపడానికి దీనికి బ్రేకు పెట్టలేదు నేను. ఆపాల్సి వస్తుందని అనుకోలేదు.

నూకాలు చెవిలో మళ్ళీ చెప్పాను. "నడిచినంత." తల ఊపింది.

గాలిమర నీడ రెండో జాము గుర్తు మీద

బండ్లు వెళ్ళి చాలాసేపైంది. పందెం రోజు ఉప్పు మీద ఇంకెవరూ అడుగు పెట్టకూడదు, పైన గట్టిపడిన పొర పగులుతుందని. అద్దం మంచె ఎక్కి కూర్చున్నాను. గట్టు మీద మనుషులు అద్దంతో ఎండ కొడితే రెండో మంచె, ఆ తరవాత మొదటి మంచె, ఆ తరవాత మాకు. మా ఊరి బండి గట్టు మొదట్లోకి వస్తే ఒక మెరుపు. పైకి ఎక్కితే రెండు. గెలిస్తే మూడు.

ఇక్కడినుంచి నేను చెయ్యగలిగింది ఏదీ లేదు. ఒళ్ళో పుస్తకం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఒక మెరుపు.

రెండు మెరుపులు. కింద జనం అరుపులు. ఎక్కింది. నా రాయి ఎక్కింది. ఒక్క క్షణం నాకు నూకాలు గుర్తు రాలేదు. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.

నడిచినంత, నడిచినంత, నడిచినంత.

మూడు మెరుపులు. అంత త్వరగా. నడిచినంత నెమ్మదిగా దిగితే ఇంత త్వరగా రాకూడదు.

కింద డప్పులు మోగుతున్నాయి. దాలినాయుడిని భుజాల మీద ఎత్తారు. మంచె వైపు ఎవరూ చూడడం లేదు. అద్దం మళ్ళీ వెలిగింది. ఈసారి ఆరలేదు. అలాగే నిలిచి వెలుగుతోంది. ఆరని మెరుపంటే డాక్టరమ్మ కావాలని అర్థం, ఆరు ఊళ్ళలో పసిపిల్లకి కూడా తెలుసు.

పందెం అయిన నాలుగో రోజు

నూకాలు వచ్చింది. మందుల పెట్టెలతో పాటు, డాక్టరమ్మ బండిలోనే వచ్చింది. కుడి కాలు మోకాలి పైదాకా లేదు. బండి కుడికి బోర్లాపడి, దొర్లుకుంటూ వెళ్ళి గట్టు కింది గెలుపు గీత దాటిందట. పల్టీ కొట్టి దాటినా దాటినట్టేనని ఆరు ఊళ్ళ పెద్దలూ తీర్పు చెప్పారట. పందెం రోజున డాక్టరమ్మ గుడారం అక్కడే వేస్తారు, ఇరవై అడుగులే. అందుకే బతికింది.

డాక్టరమ్మ నలభై దాటిన మనిషి. బక్కగా, నిద్రలేని కళ్ళతో ఉంది. ఊళ్ళోకి లాక్కొచ్చిన విరిగిన బండిని చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది. మా వాళ్ళు గర్వంగా నన్ను ముందుకి తోశారు.

"నేనే అమ్మా."

"ఇంకోటి చెయ్యకండి."

చెయ్యనన్నాను. ఆ మాట అన్నప్పుడు చెయ్యననే అనుకున్నాను.

నూకాలు నా చెయ్యి పట్టుకుంది. "నెమ్మదిగానే దించుదామనుకున్నాను వొదినా. పక్కన రేగుపాలెం బండి చప్పుడు ఇనిపించినాది."

దాని పక్కన కూర్చుని ఏడ్చాను. అది నన్ను ఓదార్చింది. అంతకన్నా సిగ్గు ఇంకేముంటుంది?

తొమ్మిదో రోజు

దాలినాయుడి పక్కింటి కోడలికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ మూడు గంటలు కష్టపడి ఇద్దరినీ దక్కించింది. ఆడపిల్ల. డాక్టరమ్మ రేగుపాలెంలోనే ఉండి ఉంటే ఆ కోడలిని మంచం మీద వేసుకుని ఉప్పు మీద నడుస్తూ ఉండేవాళ్ళం.

దాలినాయుడు షెడ్డుకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పీట వేశాను, కూర్చోలేదు. విరిగిన బండిలోంచి రాయిని విప్పి మళ్ళీ ఎనిమిదిమంది మోసుకొచ్చి గోడకి ఆనించారు. పట్టా మీద గీతలు పడ్డాయి గాని పగుల్లేదు. పేర్లన్నీ చక్కగా చదవొస్తున్నాయి. జనం వచ్చి కుంకుమ పెట్టి వెళుతున్నారు.

ఇరవై రెండో రోజు

మెట్టవలస నుంచి ముగ్గురు వచ్చారు. వచ్చే ఏడు బయలుదేరే వంతు వాళ్ళది. గానుగ రాయి దొరికిందట. కొలతలు కావాలట. ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ బండి నడిపే పిల్ల. దానికి పంతొమ్మిదేళ్ళు. పేరు అడిగాను. దమయంతి అంది.

అంతా చెప్పాను. సైకిలు చక్రం వాళ్ళ ముగ్గురి చేతుల్లోనూ పెట్టి తిప్పించాను. ఎక్కేటప్పుడు ఎడమకి, దిగేటప్పుడు కుడికి. ఈ పుస్తకంలో పందేనికి పదకొండు రోజులున్నప్పటి పేజీ తీసి చదివి వినిపించాను. మంచం మీద నూకాలుని చూపించాను. మర్యాదగా విన్నారు. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

అంతా అయ్యాక వాళ్ళలో పెద్దాయన గొంతు సర్దుకున్నాడు. "అన్నీ నిజమేనమ్మా. గాని గెలిసినాది కదా?"

"గెలిచింది."

"అదేనమ్మా."

"సరే, కట్టుకుంటే కట్టుకోండి. రెండు రాళ్ళు కట్టండి, ఎదురెదురుగా తిరిగేటట్టు. అది కుదరకపోతే గట్టు రెండు వైపులా కట్టి చూసుకోండి. ఈ ఒక్కటైనా చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"రెండో రాయి ఎక్కడిదమ్మా. సంచులు మాకూ సగానికే ఉన్నాయి," అన్నాడు. "దిగడానికేటుంది, దేవుడు సూసుకుంటాడు."

దమయంతి అప్పటికే నూకాలు మంచం దగ్గర చేరింది. మీట ఎప్పుడు వెయ్యాలని అడుగుతోంది. "గట్టు మొదలికి పది బారలు ఉండగానే వెయ్యి, ఆలస్యం సెయ్యకు," అని నూకాలు ఉత్సాహంగా చెబుతోంది. కాలు పోయినప్పటినుంచి దాని మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ఊరుకోమని అరవబోయి అరవలేకపోయాను.

పెద్దాయన సంచిలోంచి నూలు తాడు తీశాడు. రాయి చుట్టుకొలత కావాలి. ఒక కొస పట్టా మీద ఆనించి, ఒక్కడివల్ల కాక అటూ ఇటూ చూశాడు.

"ఆ కొస కాస్త పట్టుకోమ్మా," అన్నాడు.

పట్టుకున్నాను.